కేంద్ర ఉద్యోగుల సర్వీసు ట్రిబ్యునల్ క్యాట్‌లో రూలునే కొట్టేయమని అడగొచ్చా, నేరుగా హైకోర్టుకు పోవాల్నా?

గుంతకల్లు_లోకో: ప్రమోషన్ రూలే రాజ్యాంగంలో సమానత్వం చెప్పే 14, 16 అధికరణాలకు విరుద్ధమైతే రైల్వే ఉద్యోగి ఎక్కడికి పోవాల? రాజ్యాంగం సంగతి క్యాట్‌కు పట్టదంటున్నారు డిపోలో.

కడప_వకీలు: పడుతుంది. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి తేల్చేసింది. సర్వీసు రూలే కాదు, చట్టం చెల్లుతుందో లేదో కూడా క్యాట్ చూడొచ్చు. మొదట అక్కడికే పోవాల, ఓడితే హైకోర్టు డివిజన్ బెంచిలో (ఇద్దరు జడ్జీలు) రిట్ పిటిషన్. క్యాట్‌ను పుట్టించిన 1985 చట్టాన్ని మాత్రం క్యాట్‌లో ప్రశ్నించలేం. కన్నతల్లి మీద తీర్పు చెప్పమంటే ఎట్లా?

అనంత_పోస్టల్: అంతకుముందే, 1993లో మన హైకోర్టు ఫుల్‌బెంచి సాకినాల హరినాథ్ కేసులో హైకోర్టు రిట్ అధికారాన్ని ట్రిబ్యునల్ పేరుతో తీసేయలేరని చెప్పిందన్నా.

గుంతకల్లు_లోకో: సరే సార్, ఓఏ (క్యాట్‌లో వేసే దరఖాస్తు) ఎట్లా రాయాల?

కడప_వకీలు: ఎక్కువమంది కేసు పోగొట్టుకునేది ఓఏ ఫారం 8వ పేరాలో. 5వ పేరాలో "14, 16 ఉల్లంఘన" అని రెండు పేజీలు దంచుతారు, 8లో రిలీఫ్ దగ్గరికొచ్చేసరికి "ఆర్డరు రద్దు చేయాలి" అని ఊరుకుంటారు. ఫలానా రూలు, ఫలానా క్లాజు చెల్లదని ప్రకటించాలని అక్కడే రాయాల. అడగంది ఇవ్వరు. 6వ పేరాలో శాఖలో పై అధికారికి అప్పీలు పెట్టిన తేదీ వేయండి, ఖాళీగా వదిలితే స్క్రూటినీలో ఆగిపోతుంది. ఫీజు 50 రూపాయలే. రూలు చెల్లుబాటు మీద వాదన కాబట్టి ఇద్దరు మెంబర్ల బెంచి వినాల. సింగిల్ మెంబర్ ముందు లిస్టయితే మొదటి రోజే ఆ మాట చెప్పండి.

అనంత_పోస్టల్: గడువు చూసుకోప్పా. తుది ఆర్డరు నుంచి ఏడాది. అప్పీలుకు జవాబు రాకుంటే ఆరు నెలలు ఆగి, ఆపైన ఏడాది. మళ్లీ మళ్లీ అర్జీలు పెడితే గడువు పెరగదు, అదే పెద్ద భ్రమ.

కర్నూలు_యూడీసీ: రాష్ట్ర ఉద్యోగులకూ ఇదేనా?

కడప_వకీలు: కాదు. రాష్ట్ర ఉద్యోగుల ట్రిబ్యునల్ ఏపీఏటీ 2020లో పోయింది, మీరు నేరుగా అమరావతిలో హైకోర్టు రిట్. కేంద్ర ఉద్యోగులకు మటుకు క్యాట్ హైదరాబాద్ బెంచే.

అనంత_పోస్టల్: ఇంకొకటి. ట్రిబ్యునల్ అనే పేరుంటే చాలదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన రెగ్యులేషన్ చెల్లుబాటును చూసే అధికారం టెలికాం ట్రిబ్యునల్ టీడీశాట్‌కు లేదని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. చంద్రకుమార్ తీర్పు పట్టుకుని అక్కడికి పోతే వెనక్కి పంపుతారు.