సమస్య: "పక్షి కడుపులోన బ్యాటరీలు" (ఆటవెలది)

నిర్వాహకుడు: 2017లో అమెరికాలో పీటర్ మెకిండో అనే కుర్రాడు "పక్షులు నిజం కావు, అవన్నీ ప్రభుత్వం వదిలిన డ్రోన్లు" అని సరదాగా మొదలుపెట్టాడు. అదంతా హాస్యమేనని 2021లో చెప్పేదాకా నవ్వు ఆపుకుని అదే పాట పాడాడు. కరెంటు తీగల మీద వాలేది చార్జింగ్ కోసమేనట! ఇంత మంచి అసంబద్ధత దొరికితే వదులుతామా? పై మాటే చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించండి.

పూరణ 1:

తీగ మీద వాలి తీరుగా చార్జయ్యి
పైకి లేచి మనను పాలకులకుఁ
జూపు ననుచు మామ సొమ్మసిల్లెఁ దలచి
పక్షి కడుపులోన బ్యాటరీలు

– "చార్జయ్యి" త-గణంగా (రెండు గురువులు, ఒక లఘువు; అంటే రెండు బరువైన అక్షరాలు, ఒక తేలికైనది) భలే కుదిరింది. ఒక్క సందేహం. పిట్ట రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి. కాళ్ల మధ్య వోల్టేజి తేడా దాదాపు ఉండదు కాబట్టే దానికి షాక్ కొట్టదు. మరి చార్జింగ్ ఎలా ఎక్కుతుంది?

– ఆ లెక్క తెలిస్తే మామ సొమ్మసిల్లడు కదండీ, పద్యమే ఉండదు!

పూరణ 2 (రెండో పాదమే పంపారు): "ప్రభుత్వం పంపిన పక్షి చూడు"

నిర్వాహకుడు: గణభంగం, అంటే ఛందస్సు తప్పింది. "ప్రభు" దగ్గర లఘువు తర్వాత గురువు వచ్చింది. ఆటవెలదిలో వాడే సూర్యగణాల్లో గానీ ఇంద్రగణాల్లో గానీ అలా మొదలయ్యేది లేదు. ఆటవెలది పాదం మొదట్లో "ప్రభుత్వం" ఎంత తోసినా కూర్చోదు. పై పూరణలో "పాలకులకు" ఎంత హాయిగా ఒదిగిందో చూడండి.

పూరణ 3:

పావురాయి యెదకు పదిలంగ కెమెరాను
కట్టి పంపినారు గగనమునకు
బయట నున్న దాని వదరు మింగించెను
పక్షి కడుపులోన బ్యాటరీలు

– ఇది జరిగిన సంగతే. 1970లలో సీఐఏ పావురం ఛాతీకి పట్టీతో కట్టే బుల్లి కెమెరా తయారుచేసింది. ఫిల్మును తిప్పే మోటారు బ్యాటరీతో నడిచేది. బయట ఉన్నది లోపలికి ఎలా పోయిందో మూడో పాదం ఒక్క మాటలో తేల్చేసింది. అయితే "వదరు" (వాగుడు) కర్త అని తెలియడానికి నేను రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

పూరణ 4:

రెక్కలార్చు బొమ్మ లెక్కతోఁ జేసిరి
గాలిలోన నిలిచి కదలకుండ
చూచు, నిజముగానె సూక్ష్మమై యున్నవి
పక్షి కడుపులోన బ్యాటరీలు

నిర్వాహకుడు: నా ఓటు దీనికే. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో తయారైన హమ్మింగ్‌బర్డ్ డ్రోన్ 2011లో బయటికొచ్చింది. 19 గ్రాములు, రెక్కల చివర నుంచి చివరకి 16 సెంటీమీటర్లు, కెమెరా సహా! ఇక్కడ సమస్య అక్షరాలా నిజమైపోయింది. రెక్క–లెక్క ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలవడం) కూడా చక్కగా పడింది.

– "బొమ్మ" అంటే పిల్లల ఆటవస్తువు అనుకుంటారేమో. "రెక్కలార్చు మరను" అంటే గణం చెడదు, అర్థమూ బిగుస్తుంది.

– బాగుంది, మార్చుకుంటున్నానండి.