స్కారబ్‌ని ‘పేడపురుగు’ అనొచ్చా?

ప్రశ్న: ఈజిప్టు నగల గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో దొరికిన పతకాల దగ్గర ‘స్కారబ్’ అన్న మాట వచ్చింది. పేడపురుగు అని రాస్తే జనం నవ్వుతారేమో! ‘పవిత్ర కీటకం’ అని పెడితే ఎలా ఉంటుంది?

జవాబు: పేడపురుగనే రాయండి. ‘పవిత్ర కీటకం’ అంటే అది ఏ పురుగో, ఏం చేస్తుందో తెలియదు. ప్రాచీన ఈజిప్టువాళ్లు మొక్కింది దాని పని చూసే కదా. పేడను ఉండ చేసి వెనక కాళ్లతో దొర్లించుకుపోయే ఆ పురుగులో, పొద్దున్నే సూర్యబింబాన్ని పైకి నెట్టే దేవుణ్ణి చూశారు. ఆయన పేరు ఖెప్రి. పేడ మాట దాచేస్తే ఆ ఊహకు మూలమే ఉండదు.

ఇంకో సంగతి. ఆ బొమ్మ వాళ్లకు అక్షరం కూడా. ‘ఖెపెర్’ అంటే అగు, పుట్టు, రూపు దాల్చు. ఆ ధాతువు రాయాలంటే పేడపురుగు బొమ్మ గీసేవారు. టుటన్‌ఖామన్ పట్టాభిషేక నామం నెబ్‌ఖెపెరురె. పైన సూర్యబింబం (రె), మధ్యలో పురుగు, బహువచనానికి మూడు గీతలు (ఖెపెరు), అడుగున బుట్ట (నెబ్, అంటే ప్రభువు). మీరు చెప్పే పతకాల్లో రెక్కల పురుగు ఉన్నదాన్ని ఒకసారి పరికించి చూడండి, ఇవే వరసగా కనిపిస్తాయి. రాజుగారు మెడలో వేసుకున్నది తన పేరే!

ప్రశ్న అడిగినవారు: బాగుందండీ. మరి మమ్మీల గుండె మీద పెట్టే పురుగు సంగతి?

జవాబు: అది వేరు. అందులో పతకానికున్న దర్జా ఉండదు, భయం ఉంటుంది. చనిపోయినవాడి గుండెను మాత్ అనే సత్యదేవత ఈకతో తూచేటప్పుడు, ఆ గుండె తన యజమాని మీదే సాక్ష్యం చెబితే? అందుకని రాతి పురుగు అడుగున మంత్రం చెక్కేవారు. ‘నా తల్లి ఇచ్చిన హృదయమా, నాకు ఎదురు నిలవకు’ అని దాని భావం. మృతుల గ్రంథంలో (చనిపోయినవారి కోసం రాసిన మంత్రాల సంకలనం) 30వ అధ్యాయం చూడండి.

ఇంకొకరు: అక్షరాలంటే కూడా వాళ్లకు భయమేనండీ. ‘ఫ’ ధ్వనికి గుర్తు కొమ్ముల పాము. ‘అతని’ అనడానికి వాడే ప్రత్యయం కూడా అదే కాబట్టి, అది లేకుండా నాలుగు వాక్యాలు రాయడం కష్టం. మధ్య రాజ్యకాలపు (సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి) కొన్ని సమాధుల్లో, శవపేటికల మీద ఆ పామును రెండు ముక్కలుగా గీశారు, పక్షి అక్షరాలను కాళ్లు లేకుండా రాశారు. లోపల పడుకున్నవాడికి హాని చేస్తాయని. బొమ్మలకూ అదే గతి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఒక నీలిరంగు నీటిగుర్రం ఉంది. ఒంటి మీద తామరపూలు, చూస్తే ముచ్చటేస్తుంది. ఈజిప్టులో మేర్ అనే చోట సమాధిలో పెట్టే ముందు దాని మూడు కాళ్లు విరిచేశారు. ఇప్పుడు కనిపించేవి తర్వాత అతికించినవి. నిజం నీటిగుర్రం పడవల్ని తిరగదోసే జంతువు కదా!

ప్రశ్న అడిగినవారు: సరే, పేడపురుగే. ‘ఖెపెర్’ అని రాయాలా, ‘ఖెపర్’ అనా?

జవాబు: ఆ లిపిలో అచ్చులు రాయరు. ఖ, ప, ర అన్న హల్లులే ఉన్నాయి, మధ్య ఎకారాలు పండితులు పలకడానికి పెట్టుకున్నవి. ఏదైనా ఒకటి ఎంచుకుని వ్యాసమంతా అదే ఉంచండి.