ఏఎఫ్‌సీ నార్త్ డిఫెన్స్‌లు 2024: నాలుగింటిలో దేన్ని నమ్మాలి?

కర్నూలు_కార్నర్‌బ్యాక్:
2024 సెప్టెంబరు 5న ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) సీజన్ మొదలు. మా ఫాంటసీ లీగ్‌లో (అసలు మ్యాచ్‌ల గణాంకాలతో మేం ఆడుకునే పోటీ) 12 టీములు, డ్రాఫ్ట్ (వంతులవారీ ఎంపిక) ఈ ఆదివారమే. డిఫెన్స్ కోసం ఏఎఫ్‌సీ నార్త్ డివిజన్ (బాల్టిమోర్ రేవెన్స్, క్లీవ్‌లాండ్ బ్రౌన్స్, పిట్స్‌బర్గ్ స్టీలర్స్, సిన్సినాటీ బెంగాల్స్) వైపు చూస్తుంటే లెక్క తేలడం లేదు. 2023లో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చింది రేవెన్స్, మ్యాచ్‌కి 16.5. అందరికంటే తక్కువ యార్డులు ఇచ్చింది బ్రౌన్స్, మ్యాచ్‌కి 270.2. శాక్‌లలో (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం) మొదటివాడు స్టీలర్స్ టీజే వాట్, 19. బెంగాల్స్ మాత్రం యార్డుల్లో 31వ స్థానం. ఒకే డివిజన్‌లో ఇన్ని రకాలా? పోయినేడు పాయింట్లలో ఫస్ట్ కాబట్టి కళ్ళు మూసుకుని రేవెన్స్‌ని తీసేసుకోవచ్చా? ఫాంటసీ సంగతి పక్కన పెట్టినా, అసలు ఏది గట్టి డిఫెన్సో తెలుసుకోవాలని ఉంది.

మూడో_డౌన్:
కళ్ళు మూసుకుని మాత్రం వద్దు. ముందు ఆ పాయింట్ల పట్టిక, యార్డుల పట్టిక ఎందుకు కలవడం లేదో చూడండి, సగం జవాబు అక్కడే ఉంది.

బ్రౌన్స్ యార్డుల్లో మొదటి స్థానం, పాయింట్లలో 13. ఎందుకంటే వాళ్ళ అఫెన్స్ 2023లో బంతిని 37 సార్లు పోగొట్టుకుంది, లీగ్‌లో అదే ఎక్కువ. ప్రత్యర్థికి బంతి మీ 25 యార్డుల గీత దగ్గర దొరికితే మూడు ప్లేలు ఆపినా ఫీల్డ్ గోల్ తప్పదు. యార్డుల లెక్కలో అది ఐదో ఆరో, పాయింట్ల లెక్కలో మూడు. దానికి తోడు 18వ వారంలో సిన్సినాటీలో మెయిన్ ఆటగాళ్ళను కూర్చోబెట్టి 31-14తో ఓడారు. అదీ సగటులో కలిసిపోయింది. ప్లేఆఫ్స్‌లో హ్యూస్టన్ చేతిలో 45-14 అందరికీ గుర్తే, కానీ అందులో రెండు టచ్‌డౌన్‌లు బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్ ఫ్లాకో విసిరిన ఇంటర్‌సెప్షన్లే (ప్రత్యర్థి పట్టేసుకున్న బంతులు). డిఫెన్స్ ఇచ్చింది 31. అదీ తక్కువేం కాదనుకోండి.

మీ లీగ్ రూల్స్‌లో ఒకటి చూసుకోండి: ప్రత్యర్థి డిఫెన్స్ కొట్టిన టచ్‌డౌన్ మీ డిఫెన్స్ ఇచ్చిన పాయింట్ల కింద పడుతుందా లేదా. లీగుకో పద్ధతి. పడేట్టయితే, ఇంటర్‌సెప్షన్లు విసిరే క్వార్టర్‌బ్యాక్ ఉన్న టీము డిఫెన్స్ తీసుకుంటే మీ గొయ్యి మీరే తవ్వుకున్నట్టు.

ఇక రేవెన్స్. పోయినేడు పాయింట్లు, శాక్‌లు (60), టేకవేలు (ప్రత్యర్థి నుంచి బంతి లాక్కోవడం, 31) మూడింట్లోనూ పైన ఉన్నారు. వీటిలో మరుసటి ఏడు కాస్తో కూస్తో నిలిచేది క్వార్టర్‌బ్యాక్ మీద తెచ్చే ఒత్తిడి. టేకవేలు అంతగా నిలవవు. కిందపడ్డ ఫంబుల్ ఎవరి చేతికి వస్తుందన్నది దాదాపు బొమ్మా బొరుసే. ఆ 31ని చూసి ఈ ఏడు కూడా అంతే అనుకోకండి.

గోదారి_బ్లిట్జ్:
పైన అన్న చెప్పిన లెక్కలు సరే గానీ, రేవెన్స్ దగ్గర పెద్ద సంగతి మనుషులు మారడం. డిఫెన్స్ నడిపే కోఆర్డినేటర్ మైక్ మెక్‌డొనాల్డ్ సియాటిల్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. డిఫెన్సివ్ లైన్ చూసే ఆంథనీ వీవర్ మయామీకి, సెకండరీ (వెనక కాపలా కాసే కార్నర్లు, సేఫ్టీలు) చూసే డెనార్డ్ విల్సన్ టెనెస్సీకి, ఇద్దరూ కోఆర్డినేటర్లుగానే. ఒక్క విరామంలో బుర్రలన్నీ ఖాళీ. ఇప్పుడు పగ్గాలు జాక్ ఓర్ చేతిలో. పోయినేటిదాకా అక్కడే ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్ల (లైన్ వెనక మధ్యలో నిలబడేవాళ్ళ) కోచ్, అంతకుముందు ఆ టీము ఆటగాడే. కాబట్టి వ్యూహాల పుస్తకం మారదు. చదివే గొంతు మారింది.

ఆ పుస్తకంలో అసలు కిటుకు బ్లిట్జ్ (అదనపు మనుషులతో క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడం) కాదు, బ్లిట్జ్ భయం. లైన్ మీద ఆరుగురు నిలబడతారు, స్నాప్ (బంతి అందించి ఆట మొదలుపెట్టడం) అయ్యాక వచ్చేది నలుగురే. మిగతా ఇద్దరు వెనక్కి జరిగి జోన్‌లో (తమ వంతు చోటు కాస్తూ) కూర్చుంటారు. ప్రత్యర్థి సెంటర్ తన లైన్‌ని ఒక పక్కకి తిప్పుకున్నాక ఎదురుపక్క నుంచి స్లాట్ కార్నరో (లోపలి రిసీవర్‌ని కాసేవాడు) సేఫ్టీయో (అందరికంటే వెనక ఉండేవాడు) దూరతాడు. కబడ్డీలో కార్నర్ కదిలినట్టు నటిస్తే రెయిడర్ అటు చూస్తాడు, పట్టు మాత్రం కవర్ నుంచి పడుతుంది చూడండి, అలాంటిదే. ఇది దెబ్బతినేది ఎక్కడంటే, వెనక్కి జరగాల్సిన వాడు అర సెకను ఆలస్యమైతే మధ్యలో 8–10 యార్డుల దగ్గర కిటికీ తెరుచుకుంటుంది. ఆ టైమింగు లైన్‌బ్యాకర్లు రోక్వాన్ స్మిత్, పాట్రిక్ క్వీన్ జంటకి అలవాటు. క్వీన్ ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లో. ఆ చోట నిలబడేది 2023 ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్ళ ఎంపిక) మూడో రౌండులో తీసుకున్న ట్రెంటన్ సింప్సన్. మొదటి నెల ప్రత్యర్థులు ప్లే యాక్షన్ (పరుగు ఆడబోతున్నట్టు నటించి విసరడం) వేసి అతని వెనకాలకే విసురుతారు.

ఇంకో ఖాళీ సేఫ్టీ జీనో స్టోన్. 7 ఇంటర్‌సెప్షన్లు తీసినవాడు బెంగాల్స్‌కి వెళ్ళిపోయాడు. అతను లోతులో కాపలా కాయబట్టే కైల్ హామిల్టన్‌ని స్లాట్‌లోనూ, లైన్ దగ్గరా, ఎక్కడ కావాలంటే అక్కడ వాడుకోగలిగారు. ఇప్పుడు ఎడ్డీ జాక్సన్‌ని తెచ్చారు. అతను కుదురుకోకపోతే హామిల్టన్‌ని వెనక్కి పంపాలి. సగం డిఫెన్స్ అక్కడే మొద్దుబారుతుంది. లైన్ మధ్యలో ఆడే మదుబుకే (పోయినేడు 13 శాక్‌లు) ఉండిపోవడం ఒక్కటే నిజమైన ఊరట.

బ్రౌన్స్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు. జిమ్ ష్వార్ట్స్ దాచేదేమీ లేదు. ఎండ్‌లను (లైన్ చివరల ఆడేవాళ్ళు) ప్రత్యర్థి టైట్ ఎండ్‌కి (వాళ్ళ లైన్ పక్కన నిలబడే రిసీవర్) కూడా బయట, బాగా ఎడంగా నిలబెడతాడు, దాన్నే వైడ్ నైన్ అంటారు. అక్కణ్ణించి మైల్స్ గారెట్‌కి తిన్నగా పరుగు. వెనకాల ఒక్క సేఫ్టీ లోతులో, మిగతా ఎక్కువమంది మనిషికి మనిషి. డెంజల్ వార్డ్, ఎమర్సన్, న్యూసమ్ లాంటి కార్నర్లుంటేనే ఈ పని నడుస్తుంది. ఎండ్ అంత ఎడంగా ఉంటే లోపలుండే డిఫెన్సివ్ టాకిల్‌కీ అతనికీ మధ్య సందు పడుతుంది. డ్రా, ట్రాప్ పరుగులు అందులోంచే వస్తాయి. ఆ సందు పూడ్చే పని లైన్‌బ్యాకర్లది. ఒవుసు-కొరమోవాకి ఆ వేగం ఉంది. ఫిలడెల్ఫియాలో ష్వార్ట్స్ కింద ఆడిన జోర్డన్ హిక్స్‌ని ఈ ఏడు తెచ్చుకున్నదీ అందుకే. మనిషికి మనిషి కవరేజ్‌కి మందు క్రాసింగ్ రూట్లు (రిసీవర్లు మైదానానికి అడ్డంగా పరిగెత్తడం), ప్లే యాక్షన్. హ్యూస్టన్ చేసిందదే.

గారెట్ గురించి ఒక జాగ్రత్త. 2023లో 14 శాక్‌లు, డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్. కానీ నవంబరులో డెన్వర్‌లో భుజం దెబ్బ తగిలాక మిగిలిన మ్యాచ్‌లన్నీ కలిపి ఒకటే శాక్.

కర్నూలు_కార్నర్‌బ్యాక్:
ఇది ఇంత ఉందనుకోలేదు. మరి స్టీలర్స్? రేవెన్స్‌లో పోయింది క్వీన్ అయితే, వచ్చింది వీళ్ళకే కదా.

పెన్‌హిల్స్_పులిహోర:
అవునండీ, ఈ డివిజన్‌లో సరిగ్గా అవసరమైన చోట సరుకు కొన్నది వీళ్ళే. 2023లో కోల్ హోల్‌కాంబ్, క్వాన్ అలెగ్జాండర్ వారం తేడాతో సీజన్‌కే దూరమయ్యారు. ఆ తర్వాత ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్ స్థానంలో దొరికినవాళ్ళతో నెట్టుకొచ్చారు. అయినా పాయింట్లలో ఆరో స్థానం, మ్యాచ్‌కి 19.1. ఇప్పుడు క్వీన్‌కి మూడేళ్ళకి 4.1 కోట్ల డాలర్లు ఇచ్చారు, డ్రాఫ్ట్‌లో మూడో రౌండులో పేటన్ విల్సన్ వచ్చాడు. కొత్త సేఫ్టీ డెషాన్ ఎలియట్ లైన్ దగ్గరి పనులు చూసుకుంటే ఇంకో సేఫ్టీ మింకా ఫిట్జ్‌పాట్రిక్ మళ్ళీ లోతులో నిలబడి బంతిని చదువుకోవచ్చు. పోయినేడు గాయాలతో, అడ్డదిడ్డమైన డ్యూటీలతో అతనికి ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా రాలేదు. లోపం స్లాట్‌లో. అక్కడ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు బీనీ బిషప్ ఆడేలా ఉన్నాడు. జోయీ పోర్టర్ జూనియర్ ఒక వైపు, కొత్తగా వచ్చిన డాంటే జాక్సన్ రెండో వైపు ఉంటే, విసిరేవాడు మధ్యకే విసురుతాడు.

మీకు పనికొచ్చేది షెడ్యూలు. స్టీలర్స్‌కి 11వ వారం వరకు డివిజన్ మ్యాచ్ ఒక్కటీ లేదు. ఆరుకి ఆరూ చివరి ఎనిమిది వారాల్లోనే. మొదట అట్లాంటా: వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ కజిన్స్ పోయిన అక్టోబరులో అకిలీస్ (మడమ స్నాయువు) తెగి కోలుకుని వస్తున్నాడు. రెండో వారం డెన్వర్: రూకీ (తొలి ఏడాది) క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్. మూడోది ఇంట్లో చార్జర్స్‌తో. సీజన్ మొదట్లో పెట్టుకుని, నవంబరు మధ్యలో వదిలేయదగ్గ డిఫెన్స్ ఇది.

భయమంతా వాట్ మోకాలి గురించే. 18వ వారంలో రేవెన్స్ మీద దెబ్బ తగిలి అతను లేకపోయేసరికి ప్లేఆఫ్స్‌లో బఫెలో చేతిలో 31-17. అతను ఒక వైపు ఉంటే ప్రత్యర్థి టైట్ ఎండో రన్నింగ్ బ్యాకో రూటుకి పోకుండా ఆగి ఒక తోపు తొయ్యాలి. అంటే అటు రిసీవర్లలో ఒకడు తగ్గినట్టే. ఆ లాభం శాక్‌ల పట్టికలో కనబడదు.

మూడో_డౌన్:
పులిహోర గారితో ఒక్కచోట పేచీ. ఆటగాళ్ళను ఆటగాళ్ళతో తూచితే బ్రౌన్స్‌దే నా ఓటు. కార్నర్లు ముగ్గురూ, కోఆర్డినేటరూ మారని చోటు అదొక్కటే. కాకపోతే వాళ్ళ అఫెన్స్ మళ్ళీ బంతి పోగొట్టుకుంటే ఫాంటసీలో మీకే నష్టం. ఆటగా గట్టిది వేరు, మీ లీగ్‌లో పాయింట్లు తెచ్చేది వేరు.

బెంగాల్స్‌ని ఎవరూ తలవలేదు. హెండ్రిక్సన్ 17.5 శాక్‌లు తీసినా వెనక పెద్ద ప్లేలు కారిపోయాయి. అందుకే సేఫ్టీ వాన్ బెల్‌ని వెనక్కి రప్పించి, స్టోన్‌ని కొని, డాక్స్ హిల్‌ని కార్నర్‌కి మార్చారు. ఆ వైద్యం సరైందే. కానీ మధ్యలో బండరాయిలా ఉండే డీజే రీడర్ డెట్రాయిట్‌కి పోయాడు. వచ్చిన షెల్డన్ రాంకిన్స్ దూరేవాడే గానీ ఆపేవాడు కాదు. పరుగు ఆడే టీములు వీళ్ళని నమిలేస్తాయి. అయినా మొదటి వారం ఇంట్లో న్యూ ఇంగ్లండ్‌తో. పోయినేడు లీగ్‌లో అందరికంటే తక్కువ పాయింట్లు కొట్టిన రెండు టీముల్లో అదొకటి. ఆ ఒక్క వారానికి వాడుకోవచ్చు.

కొత్త రూల్స్ కూడా చూసుకోండి. కిక్‌ఆఫ్ టచ్‌బ్యాక్ (కిక్‌ని తిరిగి పరిగెత్తించకపోతే బంతి పెట్టే చోటు) 2024లో 30 యార్డుల దగ్గరికి వచ్చింది, అంటే అన్ని డిఫెన్స్‌లకీ వెనక ఐదు యార్డుల నేల తగ్గింది. నడుం పట్టుకుని తిరిగి, కాళ్ళ మీద బరువు వేసి పడేసే హిప్ డ్రాప్ టాకిల్‌కి 15 యార్డులు, ఫస్ట్ డౌన్. ప్రీసీజన్ మ్యాచ్‌లు చూసి మనసు మార్చుకోకండి. స్టార్టర్లు ఆడింది కాసేపే, ఆడినప్పుడూ మామూలు కవరేజ్‌లే.

గోదారి_బ్లిట్జ్:
రేవెన్స్ తొలి మ్యాచ్ కాన్సస్ సిటీలో, క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ మీద. సింప్సన్‌కి పరీక్ష మొదటి రోజే. వాళ్ళే కావాలంటే ఆ వారం బెంచ్ మీద ఉంచి రెండో వారం ఇంట్లో రెయిడర్స్‌తో దించండి.

కర్నూలు_కార్నర్‌బ్యాక్:
రూల్స్ చూశాను. శాక్‌కి 1, ఇంటర్‌సెప్షన్‌కి 2, ఫంబుల్‌కి 2. ప్రత్యర్థికి 7–13 పాయింట్లిస్తే మనకు 4, 35 దాటితే మైనస్ 4. ప్రత్యర్థి డిఫెన్స్ కొట్టిన టచ్‌డౌన్ మన లెక్కలో పడుతుందట. అయితే బ్రౌన్స్ వద్దు. చివరి రెండు రౌండ్లదాకా ఆగి స్టీలర్స్‌ని అడుగుతా, ఎవరైనా ఎగరేసుకుపోతే మొదటి వారానికి బెంగాల్స్.

పెన్‌హిల్స్_పులిహోర:
అలాగే చెయ్యండి. పదో వారం కాగానే వేవర్ పట్టిక (లీగ్‌లో ఎవరి దగ్గరా లేనివాళ్ళ జాబితా) తెరిచి, రేవెన్స్ మ్యాచ్ రాకముందే ఇంకో డిఫెన్స్‌ని బెంచ్ మీదికి తెచ్చుకోండి. 11వ వారంలో అందరూ ఒకేసారి ఎగబడతారు.