రాత్రిపూట విజయవాడ 837 కిలోహెర్ట్జ్‌లో మాట ముద్దగా వస్తోంది

మాది హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్. రేడియోలో మీడియం వేవ్ మీద ఆకాశవాణి విజయవాడ కేంద్రం పగలు సన్నగా వినిపిస్తుంది, కానీ మాట స్పష్టంగా ఉంటుంది. చిక్కంతా పొద్దుగూకాకే. సిగ్నల్ బాగా పెరుగుతుంది, కానీ ఏడున్నర దాటాక నిమిషానికోసారి లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. మునిగిన ఆ కొన్ని సెకన్లు వార్తలు చదివేవారి మాట ముద్దముద్దగా, గరగరమంటూ ఉంటుంది. అదే సెట్టులో హైదరాబాద్ 738 మాత్రం రాత్రి కూడా నిలకడగా వస్తుంది.

ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్, వైఫై ఆపి చూశాను. బ్యాటరీలతో డాబా మీద పెట్టాను. రేడియో లోపల యాంటెన్నాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ పక్క భాగం విజయవాడ వైపు ఉండేలా తిప్పితే బలం పెరిగింది గానీ ముద్ద పోలేదు.

నాకు అర్థమైనంతలో, పగలు పై వాతావరణంలోని అయనోస్ఫియర్‌లో కింది పొర అయిన డి పొర ఆకాశ తరంగాన్ని (పైకి వెళ్లే రేడియో తరంగాన్ని) మింగేస్తుంది, నేల వెంబడి వచ్చే నేల తరంగమే మిగులుతుంది. రాత్రి ఆ పొర పలచబడి, పై పొరల నుంచి తిరిగొచ్చే తరంగం నేల తరంగంతో కలిసి ఒకదాన్నొకటి దెబ్బతీస్తున్నాయి. రెండూ ఒకే దిక్కు నుంచి వస్తాయి గనుక లూప్ యాంటెన్నా (తీగ చుట్టతో చేసిన యాంటెన్నా) తిప్పినా లాభం ఉండదనిపిస్తోంది.

ఇలాంటి ఫేడింగ్‌కి (సిగ్నల్ మునిగి తేలడానికి) సింక్రనస్ డిటెక్షన్, అంటే స్టేషన్ వాహక తరంగానికి జతగా రేడియో తనే ఒక తరంగం తయారుచేసుకుని దాంతో మాటను రాబట్టే పద్ధతి, ఉన్న రేడియో వాడినవాళ్లు చెప్పండి: మాట ముద్దగా రావడం నిజంగా తగ్గిందా?