అందరూ మెచ్చే టీవీ కార్యక్రమాలు కొందరికి ఎందుకు ఎక్కవు?

ప్రశ్న
కొర్లగుంట కోడలు, తిరుపతి

అందరికీ నమస్కారం. ఊరంతా మెచ్చిన టీవీ కార్యక్రమాలు నాకు ఎందుకు రుచించడం లేదన్నది నా సందేహం. గొప్ప కోసం అడుగుతున్న మాట కాదు ఇది. ఇంట్లో నలుగురూ ఒకచోట కూర్చుని నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ చూస్తున్న దాన్ని నేనొక్కదాన్నే భరించలేక వంటింట్లోకి వెళ్ళిపోవలసి వస్తోంది కాబట్టి అడుగుతున్నాను.

మా అత్తగారికి కార్తీక దీపం అంటే ప్రాణం. 2017లో స్టార్ మాలో మొదలైన ఆ సీరియల్ 2023 జనవరిలో ముగిసేదాకా, రాత్రి ఏడున్నర అయిందంటే ఆవిడ ఎవరి ఫోనూ ఎత్తేవారు కారు. 2024 మార్చిలో రెండో భాగం మొదలైనప్పుడు ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు. సంక్రాంతి రోజుల్లోనైతే పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క గింజనూ వేళ్ళతో నొక్కి పొట్టు వదిలిస్తూనే కథంతా చూసేస్తారు. ఆవిడ మాట తీసేయలేక నేనూ పక్కన కూర్చున్నాను. డాక్టర్ బాబుకు భార్య మీద అనుమానం, బిడ్డ తన బిడ్డ కాదన్న పట్టుదల. ఒక్క డీఎన్ఏ పరీక్షతో తేలిపోయే సంగతిని, అందులోనూ స్వయంగా వైద్యుడైన మనిషి, ఏళ్ళ తరబడి నానుస్తుంటే నాకు ఆ పాత్ర మీద కన్నా రాసినవారి మీద కోపం వచ్చేది. అదే మాట పైకి అంటే అత్తగారు "సీరియల్ చూసేటప్పుడు అట్లా మాట్లాడబాకమ్మా" అని నవ్వేస్తారు.

మామగారికీ మరిదికీ జబర్దస్త్ ఉండాలి. మావారికి బిగ్ బాస్ ఉండాలి. ఇవేవీ ఎక్కడం లేదని ఆఫీసులో అంటే, అక్కడి కుర్రవాళ్ళు బ్రేకింగ్ బ్యాడ్ అనే అమెరికా సీరియల్ చూడమని, మొదట్లో కాస్త ఓపిక పడితే ఆ తర్వాత వదలలేరని చెప్పారు. ఓపిక పట్టాను కానీ నిద్రే వచ్చింది.

అలాగని టీవీయే గిట్టదని కాదు. బాలు గారు ఉన్నప్పటి పాడుతా తీయగా పాత భాగాలను ఎంతసేపైనా చూడగలను. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి ఎస్వీబీసీ పెట్టి, కొండ మీద ఆ జనంలో నలగకుండా ఇంట్లోనే స్వామిని చూసుకుంటాం. ఆ ఒక్క రాత్రి అత్తగారు కూడా సీరియల్ ఊసెత్తరు. మరి మిగిలిన వాటి దగ్గరే నాకు ఎందుకు పేచీ వస్తోంది? ఇది అలవాటు లేకపోవడమా, లేక అభిరుచుల తేడాయా? ఒక కార్యక్రమాన్ని ఎంతవరకు చూసి వదిలేయవచ్చు?


సమాధానం
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, చిత్తూరు

అమ్మా, మీరు కథ కోసం కూర్చుంటున్నారు, మీ అత్తగారు మనుషుల కోసం కూర్చుంటున్నారు. పేచీ అంతా అక్కడే ఉందని నాకు తోస్తోంది.

మన జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర జరిగే భారత ఉత్సవాలను మీరు చూసే ఉంటారు. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కి పైనుంచి పండ్లు, విభూతి విసిరే రోజున, సంతానం కోరుకునే స్త్రీలు తడి బట్టలతో మాను చుట్టూ సాగిలపడి ఉంటారు. చివరి రోజు మట్టితో పడుకోబెట్టిన ఆ పెద్ద దుర్యోధనుడి తొడను భీముడు కొడతాడు. అక్కడ కూర్చున్న వాళ్ళలో భీముడు గెలుస్తాడని తెలియనివారు ఒక్కరైనా ఉంటారా? కథ తెలిసే వచ్చారు. ద్రౌపది కష్టాన్ని మరొక్కసారి ఆమెతో పాటు పడడానికి వచ్చారు.

కార్తీక దీపం విషయంలోనూ ఇదే జరిగింది. 2022లో ఆ సీరియల్ వారు డాక్టర్ బాబు కార్తీక్‌ను, వంటలక్కగా పేరుపడ్డ అతని భార్య దీపను ప్రమాదంలో చనిపోయినట్టు చూపి, పిల్లలు పెద్దవారైన కథ నడిపారు. కథగా చూస్తే అది ముందడుగే కదా. అయినా కొన్ని నెలలకే ఆ ఇద్దరినీ మళ్ళీ బతికించి తీసుకురావలసి వచ్చింది. చూసేవారికి కావలసింది వంటలక్క కానీ, వంటలక్క తర్వాతి తరం కాదు. డీఎన్ఏ పరీక్ష ప్రశ్న మీకు న్యాయమైనదే, కానీ మీ అత్తగారికి అది అసలు ప్రశ్నే కాదు. కాబట్టి మీ రసజ్ఞతలో లోపమేమీ లేదు, ఆవిడ తెలివిలోనూ లేదు.


సమాధానం
శ్రీకాళహస్తి వాసి

నేను హైదరాబాదులో కొంతకాలం సీరియళ్ళ ఎడిటింగ్ పని చేశాను. మాస్టారు గారు చెప్పినదాన్ని కాదనను కానీ, మీకు విసుగు పుట్టించే చాలా సంగతులకు కారణాలు ఎడిటింగ్ గదిలో ఉంటాయి.

మీ అత్తగారు అనపగింజలు పితుకుతూ చూస్తారన్నారే, సీరియల్‌ను తయారు చేసేది సరిగ్గా అలాంటి చేతుల కోసమే. చూసేవారి కళ్ళు తెర మీదే ఉంటాయని మేమెప్పుడూ అనుకోం. పప్పు కుక్కరు కూత మధ్య, పిల్లల అల్లరి మధ్య చెవికి అందితే చాలుననుకుంటాం. అందుకే ప్రతి పాత్రకూ ఒక సంగీతపు తునక అతికిస్తాం, అది మోగగానే వంటింట్లో ఉన్నవారికి కూడా విలన్ గుమ్మంలోకి వచ్చిందని తెలుస్తుంది. అందుకే పాత్రలు తమ మనసులోని మాటను పైకి చెప్పుకుంటాయి, ఎదుటివారు ఏం చేస్తున్నారో కూడా వారికే వివరిస్తాయి. మీలా చేతులు కట్టుకుని తెర వంకే చూసేవారికి ఇదంతా రెండింతలుగా వినిపించి చిరాకు పుట్టిస్తుంది.

ఇక సాగదీత సంగతి. కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు ఉండకూడదు. ఆ లెక్కన అరగంటలో కథకు ఇరవై నాలుగు నిమిషాలు మిగలాలి. అందులోంచి నిన్నటి కథ, టైటిల్ పాట, రేపటి తునక తీసేయండి. మిగిలినదాన్ని వారానికి ఐదారు రోజులు, ఏళ్ళ తరబడి నింపాలి. ఒక చెంపదెబ్బ తీసుకుందాం. కొట్టిన చెయ్యి మూడు కోణాల్లో మూడుసార్లు పడుతుంది, తర్వాత గదిలో ఉన్న ఆరుగురి ముఖాలనూ వరుసగా దగ్గరగా చూపిస్తాం, ఒక్కొక్క ముఖం మీదా ఉరుము లాంటి చప్పుడు వేస్తాం, మళ్ళీ దెబ్బ తిన్న ముఖానికి వచ్చి ఆగుతాం. రచయిత కాగితం మీద రాసింది "చెంప మీద కొట్టింది" అన్న ఒక్క మాటే. తెర మీద అది ఒక నిమిషం దాటుతుంది. షూటింగ్ వెనకబడి, చేతిలో తగినంత సరుకు లేని రోజున ఆ నిమిషం రెండవుతుంది. ప్రేక్షకులు దీన్ని దర్శకుడి చాదస్తం అనుకుంటారు కానీ, చాలాసార్లు అది ఆ రోజుకు ఉన్న కరువు మాత్రమే.

ప్రతి గురువారం బార్క్ సంస్థ అంకెలు వస్తాయి. దేశం మొత్తం మీద 50 వేలకు పైబడిన ఇళ్ళలో మీటర్లు పెట్టి, ఏ ఛానల్‌ను ఎంతసేపు చూశారో లెక్క కడతారు. ఎవరు ఎంత విసుక్కున్నారో ఆ మీటరుకు తెలియదు. మీ ఇంట్లో ఆ మీటరు ఉందనుకుంటే, టీవీ నడుస్తుండగా మీరు వంటింట్లోకి వెళ్ళిపోయినా, అత్తగారు అక్కడే ఉన్నారు కాబట్టి ఆ అరగంట పూర్తిగా సీరియల్ ఖాతాలోనే పడుతుంది. మీలాంటి వారి అయిష్టం ఛానల్ వారి చెవిన పడే దారి దాదాపు లేదు.


సమాధానం
స్వర్ణముఖి

పైన ఇద్దరూ సీరియళ్ళ దగ్గరే ఆగిపోయారు. నేను జబర్దస్త్ గురించి చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో పేచీ దానితోనే.

2013లో ఆ కార్యక్రమం మొదలైనప్పుడు మా నగరిలో దాన్ని చూడని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. న్యాయనిర్ణేతల కుర్చీలో నాగబాబు గారి పక్కన కూర్చున్న రోజా గారు ఆ మరుసటి ఏడాదే మా ఎమ్మెల్యే అయ్యారు; 2022లో మంత్రి అయ్యాకనే ఆ కుర్చీ వదిలారు. అంత అభిమానం ఉన్న ఊళ్ళో ఉండి కూడా నాకు ఆ కార్యక్రమం ఎక్కలేదు. అందులో ప్రతిభ లేదని అనను. చిన్న ఊళ్ళ నుంచి వచ్చిన కుర్రవాళ్ళు ఎందరికో అది జీవితాన్నిచ్చింది, సమయస్ఫూర్తిలో వాళ్ళకు వంక పెట్టలేం. కానీ మగవాళ్ళు ఆడవేషం కట్టి, ఆ వేషాన్నే వెక్కిరించుకోవడం, లావుగానో నల్లగానో ఉన్నవారి ఒంటి మీద జోకులు వేయడం, భార్య అంటే తన్నేది లేదా తిట్టేది అన్నట్టు చూపించడం నాకు నవ్వు తెప్పించవు. ఒకసారి నవ్వు రాకపోతే, ప్రతి జోకు చివరా జడ్జిల నవ్వును దగ్గరగా చూపించడం మరింత ఇబ్బందిగా ఉంటుంది. అందరూ పడిపడి నవ్వుతున్న చోట ఒక్కరే నిలబడిపోయినట్టు తోస్తుంది.

ఇలా ఎక్కడ నవ్వాలో చెప్పి నవ్వించడం మన దగ్గర పుట్టిన పద్ధతేమీ కాదు. అమెరికాలో చార్లెస్ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు 1950లలోనే రకరకాల నవ్వులను టేపుల మీద నింపిన పెట్టె ఒకటి తయారు చేసి, మీట నొక్కితే కావలసిన నవ్వు వచ్చేలా అమర్చాడు. 1994 నుంచి 2004 దాకా నడిచిన అమెరికా హాస్య సీరియల్ ఫ్రెండ్స్‌ను ఎక్కువగా ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టి తీశారు. అయినా మా అమ్మాయి ఆ నవ్వుల మోత భరించలేక దాన్ని మధ్యలోనే వదిలేసింది. ఎదుటివారు ఎక్కడ నవ్వమంటే అక్కడ నవ్వడం కొందరికి హాయి, కొందరికి బలవంతం. కొర్లగుంట చెల్లీ, మీరు నా రకమే అయి ఉంటారు. పాడుతా తీయగా మీకు నచ్చడానికీ అదే కారణం కావచ్చు: బాలు గారు తప్పు జరిగిన చోట ఆపి, ఆ గమకం ఎలా పలకాలో పాడి చూపించేవారే కానీ, ఇప్పుడు మీరు చప్పట్లు కొట్టాలని మనల్ని తొందరపెట్టేవారు కారు.


సమాధానం
పరిశోధక విద్యార్థి, ఎస్వీ విశ్వవిద్యాలయం

మాస్టారు గారి మీద గౌరవంతోనే ఒక మాట విభేదిస్తాను. భారత ఉత్సవంలో కథ తెలిసినా జనం కూర్చునేది పద్యం కోసం, వేషం కోసం, దేవుడి మీద భక్తి కోసం. రోజూ ఒకే ముఖాన్ని మూడు కోణాల్లో చూపించే దానికి ఆ గౌరవం ఎందుకు కట్టబెట్టాలి? జనం చూస్తున్నారు కాబట్టి అందులో ఏదో ఉండే ఉంటుందని వెతుక్కుంటూ పోతే, ఇక బాగాలేదనే మాటకే చోటుండదు.

అంతకన్నా నన్ను బాధించేది మా హాస్టల్లోని రెండో రకం దబాయింపు. సీరియల్ నచ్చకపోతే ఎవరూ ఏమీ అనరు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ లాంటి ఇంగ్లీషు సీరియల్ నచ్చలేదంటే మాత్రం అర్థం కాలేదేమోనని జాలి చూపిస్తారు. అది ఎనిమిది సీజన్లలో 73 ఎపిసోడ్లు. చుట్టూ ఉన్నవాళ్ళ కోసం చివరిదాకా చూశాను. 2019లో చివరి సీజన్ వచ్చేసరికి ప్రాణమిచ్చిన అభిమానులే దాన్ని మళ్ళీ తీయాలని కోరుతూ పది లక్షలకు పైగా సంతకాలు పెట్టారు. నాకు ముందునుంచీ ఉన్న అయిష్టానికి అప్పుడు తోడు దొరికింది కానీ, పోయిన రాత్రులు తిరిగి రాలేదు.

బ్రేకింగ్ బ్యాడ్ విషయంలో మాత్రం మీ ఆఫీసు కుర్రవాళ్ళు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. 62 ఎపిసోడ్ల ఆ కథలో మొదటి సీజన్ ఏడు ఎపిసోడ్లే, అదీ నెమ్మదిగా నడుస్తుంది. ఒక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు క్యాన్సర్ వచ్చిందని తెలిసి మత్తుమందుల తయారీలోకి దిగి, అంచెలంచెలుగా దిగజారడమే కథ. ఆ మనిషి ఏమవుతాడోనన్న ఆరాటం మొదటి మూడు ఎపిసోడ్లలో పుట్టకపోతే తర్వాత పుట్టడం కష్టం. నా మటుకు నేను పెట్టుకున్న కొలత అదే: మూడు చూస్తాను, నాలుగోది పెట్టాలని చెయ్యి దానంతటదే వెళ్ళకపోతే వదిలేస్తాను. ఇక డైలీ సీరియల్‌కైతే ఒక వారం చాలు. వారంలో జరగనిది ఏడాదిలోనూ జరగదు.


మళ్ళీ ప్రశ్నించినవారు
కొర్లగుంట కోడలు, తిరుపతి

అందరికీ ధన్యవాదాలు. నాకు ఎక్కువగా పనికొచ్చింది శ్రీకాళహస్తి వారి మాట. సీరియల్‌ను కళ్ళతో కాక చెవులతో చూడాలని నాకు ఇంతవరకు తట్టలేదు. అత్తగారి పక్కన కూరగాయలు తరుగుతూ కూర్చుంటే పేచీ సగం తగ్గవచ్చు. జబర్దస్త్ విషయంలో స్వర్ణముఖి అక్క చెప్పిన ఆ ఇబ్బంది అక్షరాలా నాదే, దానికి మందు లేదని అర్థమైంది. బిగ్ బాస్ గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అపరిచితులు గిన్నెలు కడగడం గురించి కొట్లాడుకుంటుంటే మావారు రాత్రి పొద్దుపోయేదాకా ఎందుకు మేలుకుంటారో నాకిప్పటికీ అంతుపట్టడం లేదు.


సమాధానం
శ్రీకాళహస్తి వాసి

1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన పద్ధతి అది. మన తెలుగులో 2017లో జూనియర్ ఎన్టీఆర్ గారితో మొదలైంది. ఇంటినిండా కెమెరాలు పెట్టి రోజంతా తీసినదాన్ని మీకు గంటసేపు చూపిస్తారు కాబట్టి, గిన్నెల గొడవ ఎంత పెద్దదో నిర్ణయించేది కడిగినవారు కాదు, మాలాంటి ఎడిటర్లు. మీ వారిని కట్టిపడేసేది గొడవ కాదు, చేతిలో ఉన్న ఓటు. తాను కాపాడాలనుకున్న మనిషి ఈ వారం ఇంట్లో ఉంటాడా, బయటికి వస్తాడా అన్నది శని, ఆదివారాల్లో తేలుతుంది. ఓటు వేయని మనిషికి అది పక్కింటి పంచాయితీ మాత్రమే. వచ్చే సీజన్లో ఒక వారం మీరు కూడా ఎవరికో ఒకరికి ఓటు వేసి, ఆ ఆదివారం ఎపిసోడ్ చూడండి. అప్పటికీ ఆత్రం పుట్టకపోతే ఆ గంట మీరు హాయిగా పాడుతా తీయగా పెట్టుకోవచ్చు, ఇంట్లో రెండో తెర ఎలాగూ ఫోను రూపంలో ఉండనే ఉంది.