మేడమీద పందిరికి శిలీంద్రపు పూత: బెంగళూరులో పనికివస్తుందా?

జయనగర మిద్దెతోట:
మా మేడమీద చెక్క పందిరి వేయించదలచాను. అక్కడున్న పాత బల్లకు వార్నిష్ ఎన్నిసార్లు వేయించినా పడమటి ఎండకు లేచిపోతున్నది. గోరుతో గీరితే పూత అభ్రకపు రేకులా ఊడివచ్చి, కింద బూడిదరంగు నార బయటపడుతున్నది. నెదర్లాండ్స్‌లో అవిసె నూనె పట్టించిన పైన్ చెక్కమీద ఆరియోబాసిడియం పుల్లులన్స్ అనే నల్లని శిలీంద్రాన్ని కావాలనే పెంచి, దానినే పైపూతగా వాడుతున్నారు. ఆ పద్ధతి మనకూ మేలని నా వాదన. పెద్దలు అభిప్రాయం తెలుపగలరు.

కలప అడితి:
అయ్యా, చెక్కను కుళ్ళబెట్టేదే శిలీంద్రం. దానిని పిలిచి పీట వేయడమేమిటి? పైగా మన ఊళ్ళో అసలు శత్రువు చెదలు. కలపకు రక్షణ అంటే మన సొంటి కామేశం గారు 1933లో డెహ్రాడూన్‌లో రూపొందించిన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మందు వంటిది. అది కుళ్ళునూ చెదలనూ రెంటినీ ఆపింది.

ఎండగోడ:
అడితి వారు చెదల గురించి చెప్పినది నిజమే గాని, శిలీంద్రాలన్నింటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. కుళ్ళు పుట్టించే జాతులు చెక్కకు బలమిచ్చే సెల్యులోజ్‌నో, లిగ్నిన్‌నో, రెంటినీనో తినివేస్తాయి. ఆరియోబాసిడియం ప్రధానంగా నూనెమీదా, ఎండకు విరిగిన లిగ్నిన్ తునకలమీదా బతుకుతుంది. చెక్క బలాన్ని తీయదు. దాని నలుపు మెలనిన్ వల్ల వచ్చినది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లిగ్నిన్‌ను విరగ్గొట్టడం, వాన దానిని కడిగివేయడం వల్లనే మీ బల్లలో ఆ బూడిదరంగు నార మిగిలింది. మెలనిన్ ఆ కిరణాలను ముందే అడ్డుకుంటుంది. పూత జీవంతో ఉన్నది కనుక, నూనె మిగిలినంతకాలం చిన్న గీతలు తామే పూడుకుంటాయి. మన వేసవికి ఎండిపోతుందనే భయమూ అక్కరలేదు, ఎండను తట్టుకొని నిలవడంలో ఇది పేరుపడ్డ జాతి. నిజానికి నూనె రాసిన చెక్కను ఆరుబయట పెడితే ఎక్కడైనా మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. డచ్చివారు ఆ నలుపునే ఎడతెగని పొరగా పెంచారు, అంతే.

అయితే ఇది ఎండకు గొడుగే గాని కుళ్ళుకు మందు కాదు, చెదలకు అసలే కాదు. తేమ 20 శాతానికి లోపున్న చెక్కను కుళ్ళు అంటదు. కాబట్టి నిలువు పలకలకు, నీరు జారిపోయే చోట ఈ పూతను నేను సమర్థిస్తాను; నేలకు ఆనిన గుంజలకు మాత్రం వద్దు. గుంజ కింద ఇనుప కాలు పెట్టించి, కోసిన అంచులలో నీరు నిలవకుండా చూస్తే చాలావరకు కుళ్ళు సమస్యే రాదు. రంగు నలుపొక్కటే, ఆ నలుపు వేడెక్కుతుంది. కూర్చునే బల్లకు నేనైతే వేయను.

కామేశం గారి మందు గొప్పదే. ఆర్సెనిక్ కారణంగా అమెరికాలో 2003 చివరికి ఇళ్ళలో వాడే కలపకు దానిని మానివేశారని కూడా చెప్పుకోవాలి. పిల్లలు పట్టుకొని ఆడే పందిరికి నేనూ ఒప్పుకోను.

కలప అడితి:
గుంజలకు చేవ ఉన్న టేకు వాడితే నాకు అభ్యంతరం లేదు. పైన్ తెల్లచెక్కను ఏ పూత వేసినా నేను మేడమీదకు పంపను.

జయనగర మిద్దెతోట:
సరే, గుంజలు టేకు. పడమటి తడిక పలకలు మాత్రం నూనె పట్టించి నల్లబడనిస్తాను.