ఇంట్లోనే పోర్ట్రెయిట్లు గీసేవారు రుతువులతో ఎలా సర్దుకుంటున్నారు?

ప్రశ్న: గట్టుమీది ఇల్లు, రాజమహేంద్రవరం

నమస్కారం. నాలుగేళ్లుగా మేడమీది గదిలో కూర్చుని మనుషుల బొమ్మలు గీయడమే నా జీవనోపాధి. పెళ్లికానుకలు, పదవీ విరమణ సన్మానాలకు ఇచ్చే పటాలు, గతించిన పెద్దల చిత్రాలు, నాకు వచ్చే పనిలో ముప్పాతిక వంతు ఇవే. ఉదయం ఐదింటికి లేచి ముగ్గు వేసి, వంట ముగించి, పిల్లల క్యారియర్లు సర్ది తొమ్మిదిన్నరకు పైకి వెళితే, ఒంటిగంటకు మా అత్తగారు భోజనానికి పిలిచేదాకా రంగుల పని చేస్తాను. మధ్యాహ్నం పెన్సిల్ పని, సాయంత్రం ఫోన్‌లో బేరాలు.

రోజు ఇలా గడులు గీసినట్లు నడుస్తున్నా, ఏడాది మాత్రం నా మాట వినడం లేదు. ఉత్తరపు కిటికీ ఉంటే ఏడాదంతా ఒకే తీరు వెలుగు ఉంటుందని పుస్తకాల్లో చదివి ఆ గదినే ఎంచుకున్నాను. తీరా చూస్తే ఈ జూన్ నెలలో పొద్దున్నే ఈజిల్ మీద ఏటవాలుగా ఎండ పడుతోంది. ఇక వానలు ముదిరితే కాగితం మెత్తబడుతుంది, తైలవర్ణాలు ఎంతకీ ఆరవు. సరిగ్గా అప్పుడే శ్రావణమాసపు పెళ్లిళ్ల ఆర్డర్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. కిందటేడు ఒక పటాన్ని పచ్చిగానే ఇవ్వవలసి వచ్చింది. పెళ్లికూతురి పినతల్లి గారి పట్టుచీర అంచుకు రంగు అంటుకుంది, నాకు రావలసిన సొమ్ములో సగం అక్కడే పోయింది.

అలాగని వానాకాలం మీద నాకు కోపం లేదు. గోదావరికి కొత్తనీరు వచ్చిన రోజున పని ఆపి, గట్టు మీద ఒక గంట కూర్చుని ఆ ఎర్రనీటిని చూసి వస్తాను. ముఖాలకు తొలిపూతగా నేను కలిపే మట్టిరంగు అచ్చంగా అదే. మీ అందరి రోజులు ఎలా గడుస్తున్నాయి? ఏ కాలంలో ఏ పని పెట్టుకుంటారు?

జవాబు 1: పాతకుంచె, కాకినాడ

అమ్మా, పుస్తకం చెప్పింది తప్పు కాదు, కాని ఆ మాట మనకంటే చాలా ఉత్తరాన ఉన్న దేశాల వారి కోసం రాసినది. మీ ఊరూ మా ఊరూ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. మే రెండో వారం మొదలుకొని ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. అంటే ఆ మూడు నెలలూ మీ కిటికీ ఎండవైపు కిటికీ అయిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండను చూరు ఆపుతుంది గనుక ఇబ్బంది అంతా పొద్దుటి పూట, సాయంత్రం పూట. కిటికీకి ఉతికిన తెల్లటి పాత పంచె ఒకటి కట్టండి, అయితే దానికి నీలిమందు పెట్టి ఉండకూడదు. ముప్పయ్యేళ్లుగా మా ఇంట్లో జరుగుతున్న ఏర్పాటు ఇదే. ఆగస్టు మధ్యలో ఆ పంచె విప్పిన రోజున గదిలోకి వచ్చే నిదానమైన వెలుగు కోసం నేను ఏడాదంతా ఎదురుచూస్తాను. నాకు అది పండుగ కిందే లెక్క.

ఆరకపోవడం గురించి ఒక మాట. నీటిరంగులో నీరు ఆవిరైపోతుంది గాని, అవిసె నూనె ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. వెలుగు తగ్గి తేమ పెరిగిన రోజుల్లో ఆ పని నెమ్మదిస్తుంది. రంగులన్నీ ఒకే వేగంతో ఆరవు కూడా. అంబర్ అనే గోధుమ మట్టిరంగులో మాంగనీస్ ఉంటుంది గనుక తొందరగా ఆరుతుంది, టైటానియం తెలుపు, ఐవరీ నలుపు బాగా ఆలస్యం చేస్తాయి. అందుచేత తొలిపూతను అంబర్‌తో, నూనె తక్కువగా, పలుచగా వేసి, నూనె ఎక్కువ ఉన్న పూతలను పైకి ఉంచండి. ఈ క్రమం తప్పితే కొన్నేళ్లకు ముఖం మీద పగుళ్లు కనిపిస్తాయి.

శ్రావణం పటాలకు శ్రావణంలో కుంచె పట్టుకుంటే ఎలా కుదురుతుంది? ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, ఫోన్ మోగదు, అదే మనకు అసలైన పని నెల. జ్యేష్ఠంలోనే బయానా తీసుకుని తొలిపూత ముగించండి, ఆషాఢమంతా పై పూతలకు వాడుకోండి. ఆలస్యంగా వచ్చినవారికి బొగ్గుతో గానీ పెన్సిల్‌తో గానీ గీసి ఇస్తానని నిక్కచ్చిగా చెప్పండి. వార్నిష్ మాత్రం ఇచ్చేటప్పుడు వేయను. ఆరు నెలలైనా ఆగాలి గనుక ఉగాది దాటాక పటం తీసుకుని రమ్మంటాను. వచ్చేవారు ఖాళీ చేతులతో రారు, తోటలో కాసిన మామిడికాయలు పట్టుకొస్తారు. మా ఇంట్లో మొదటి జాడీ ఆవకాయ చాలా ఏళ్లుగా అలా వార్నిష్ పుణ్యమే.

జవాబు 2: బొగ్గుముక్క, హైదరాబాద్

మాది అపార్ట్‌మెంట్, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ తప్ప ఏమీ కనిపించదు. అందుకని నేను సూర్యుడి మీద ఆశ వదులుకుని పగటి వెలుగును పోలిన 5000 కెల్విన్ దీపం పెట్టుకున్నాను. సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90కి పైన ఉన్న దీపమే కొనాలి, లేకపోతే చర్మపు ఛాయ మోసం చేస్తుంది. వానాకాలంలో కాగితాలను సిలికాజెల్ పొట్లాలతో పాటు మూత గట్టిగా పట్టే డబ్బాలో దాస్తే మెత్తబడవు. ఇక ఫోటోలు పంపేవారికి ఒకటే షరతు పెడతాను: ఫోన్‌ను ముఖం ముందు పెట్టి తీయవద్దు, ఆరడుగుల దూరం జరిగి జూమ్ చేసి తీయండి. దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, ఆ తర్వాత పోలిక రాలేదని మాట పడేది మనమే.

నా ఏడాదిలో అసలు ఒత్తిడి భాద్రపదంలో ఉంటుంది. గతించిన పెద్దలను తలచుకునే పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య నాటికి అమ్మమ్మల, తాతయ్యల పటాలు ఇంట్లో ఉండాలని అడుగుతారు. చాలామందికి మిగిలింది ఏదో పెళ్లిలో తీసిన గుంపు ఫోటో ఒక్కటే, అందులో ముఖం శనగగింజంత ఉంటుంది. అప్పుడు గీయడం కన్నా అడగడమే ఎక్కువ పని. బొట్టు ఎంత పెద్దగా పెట్టుకునేది, ముక్కుపుడక ఏ వైపు, కొంగు తల మీదుగా వేసుకునేదా అని అడిగితే, నలుగురు పిల్లలు నాలుగు రకాలుగా చెబుతారు. నేను చిన్న కూతురి మాటే నమ్ముతాను, ఎందుకో తెలియదు గాని చాలాసార్లు అదే సరిపోయింది.

ఆ అమావాస్య మధ్యాహ్నానికి చివరి పటం అప్పగించేసి వేళ్లకు అంటిన బొగ్గు కడుక్కునేసరికి, మా అమ్మ గునుగు, తంగేడు పూలు ముందేసుకుని ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తూ ఉంటుంది. నెల రోజులు నలుపు తెలుపుల్లో గడిపిన కళ్లకు ఆ తంగేడు పసుపు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ మరుసటి వారమంతా నేను ఏమీ గీయను. బజారులో సీతాఫలాలు వస్తాయి, వాటి పని చూస్తాను.

ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆషాఢాన్ని పని నెలగా చూడడం నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు, ఆర్డర్లు లేవని దిగులు పడుతూ ఆ నెలను అటకలు దులపడానికి వాడేదాన్ని. ఈ వారంలోనే శ్రావణానికి రెండు పటాలకు బయానా తీసుకుని అంబర్‌తో తొలిపూత వేశాను. మూడో ఆవిడకు బొగ్గు చిత్రమే ఇస్తానని చెబితే, కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

కాకినాడ వారు నీలిమందు గురించి చెప్పిన మాటను తేలికగా తీసుకుని మామయ్యగారి పంచెను ఉన్నది ఉన్నట్లే కట్టాను. రెండు రోజులు పనిచేశాక పటం కిందికి దించి చూస్తే, మసక వెలుగులో కనిపెట్టలేకపోయాను గాని పెళ్లికొడుకు బుగ్గలు మరీ ఎర్రగా వచ్చాయి. గదిలోని నీలపు ఛాయకు సరిపెడుతూ నేనే ఎరుపు ఎక్కువ కలిపానన్నమాట. బుగ్గల మీది పూతను ఇంకా పచ్చిగా ఉండగానే గుడ్డతో తుడిచేశాను. పంచె ఇప్పుడు మూడోసారి ఉతుకు తిని డాబా మీద ఆరుతోంది.